జీవ ఇంధనములు – మన మెట్ట నేలల లెక్క

మార్కాపురము బస్సు స్టాండులో తెల్లవారుజామున నిలబడినచో ఒంగోలు, గిద్దలూరు, కనిగిరి, ఎర్రగొండపాలెము వైపులకు పోవు బస్సులు ఒకదాని వెంట ఒకటి కదలుట కనబడును. వాటి వెనుక పలకల లారీలు, మిరపకాయ టిక్కీల లారీలు, గొర్రెలను ఎక్కించుకొని సంతకు పోవు చిన్న బండ్లు. ఇవి అన్నియు త్రాగునది డీజిలు. ఆ డీజిలులో మన నేలలో పుట్టిన చుక్క లేదు. దేశమునకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు పైగా ఓడలలో విదేశములనుండి వచ్చుచున్నది. సముద్రము మీద ఎక్కడ యుద్ధము వచ్చినను గిద్దలూరు సంతలో కూరగాయల బాడుగ పెరుగుటకు కారణమిదియే.

ఇట్టి స్థితిలో 2025 ఏప్రిల్ 2వ తేదీన కనిగిరి నియోజకవర్గము, పి.సి.పల్లి మండలము, దివాకరపల్లి వద్ద రిలయన్సు సంస్థ వారి సంపీడిత జీవవాయు కర్మాగారమునకు రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేసినారు. దీని పెట్టుబడి 139 కోట్ల రూపాయలు. అంతకు ముందు 2024 నవంబరులో ఇట్టి కర్మాగారములు 500 నెలకొల్పుటకు, 65 వేల కోట్ల రూపాయలు పెట్టుటకు రాష్ట్ర ప్రభుత్వముతో ఆ సంస్థ ఒడంబడిక చేసికొన్నది. బంజరు భూములలో నేపియరు గడ్డి పెంచి, ఆ గడ్డిని పులియబెట్టి, వచ్చిన వాయువుతో బండ్లు నడుపవలెనని సంకల్పము.

ఆ వార్త వచ్చిననాటినుండి మన విద్యార్థులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. మన పిల్లలకు ఉద్యోగములు వచ్చునా అనునది మొదటిది. గడ్డితో బస్సు ఎట్లు నడచును అనునది రెండవది. మొదటిదానికి జవాబు చెప్పుట మా వశములో లేదు. రెండవదానికి చెప్పగలము. అది చెప్పుచు పోగా, విద్యార్థులు అడుగని మూడవ ప్రశ్న ఒకటి తానే ముందుకు వచ్చినది. ఈ వ్యాసములో ఎక్కువ భాగము దానికే పోయినది.

పాత కథ

నేల పండించిన దానితో ఎంజిను నడుపుట క్రొత్త ఆలోచన కాదు. 1900 సంవత్సరములో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిలు ఎంజినును వేరుసెనగ నూనెతో నడిపి చూపినారు. ఆ ఎంజినును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలు తరువాత ఆ సంగతిని తానే చెప్పినాడు. రాతి చమురు చవుకగా దొరకినందున వేరుసెనగ నూనె వంటింటికే మిగిలినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవై మన దేశములో బొగ్గు గ్యాసు బస్సులు నడిచినవి. బస్సు వెనుక ఒక పెద్ద ఇనుప పీపా, దానిలో కట్టెబొగ్గు, క్రింద నిప్పు. చాలినంత గాలి తగులనీయక బొగ్గును మండించినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఆ వాయువు మండు స్వభావము కలది కనుక దానిని వడగట్టి ఎంజినులోనికి పంపెడివారు. బస్సు బయలుదేరుటకు ముందు చక్రము త్రిప్పి నిప్పు రాజవేయవలెను. ఎక్కుడు వచ్చినచో ప్రయాణికులు దిగవలసి వచ్చెడిదని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. యుద్ధము ముగిసి పెట్రోలు తిరిగి వచ్చుటతో ఆ పీపాలు పాత ఇనుము అంగళ్ళకు చేరినవి.

ఈ రెండు కథలలోను ఒకే సంగతి కలదు. సాంకేతికముగా సాధ్యమగుట వేరు, చమురు చవుకగా దొరకునప్పుడు కూడ నిలబడుట వేరు.

ఇథనాలు

నేడు మన పెట్రోలు బంకులలో దొరకు పెట్రోలులో ఇథనాలు, అనగా శుద్ధమైన సారాయము, కలిసియున్నది. 2014 ప్రాంతమున ఈ మిశ్రమము నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. 2018లో జాతీయ జీవ ఇంధన విధానము వచ్చినది. 2030కి ఇరువది పాళ్ళు కలుపవలెనన్న లక్ష్యమును 2022లో సవరించి 2025–26కు ముందుకు జరిపినారు. 2025లో దానిని అందుకొన్నారు. లీటరునకు లీటరు చూచినచో ఇథనాలులోని శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. కనుక మైలేజి కొంత తగ్గుట సహజము. పాత రకపు కార్లలో ఆరేడు పాళ్ళు, దానికనుగుణముగా తయారైన క్రొత్త కార్లలో ఒకటి రెండు పాళ్ళు తగ్గునని నీతి ఆయోగు 2021 నివేదిక తెలిపినది. మన మెకానికు షెడ్లలో వినవచ్చు ఫిర్యాదులు పూర్తిగా అపోహలు కావు, పూర్తిగా నిజములును కావు.

ఇథనాలునకు ముడి పదార్థము మొదట చెరకు మడ్డి. తరువాత చెరకు రసము, నూకలు, మొక్కజొన్న వచ్చి చేరినవి. మొక్కజొన్న ఇథనాలు బట్టీలకు మళ్ళుటతో కోళ్ళ దాణా ధర పెరిగినది. ఒకప్పుడు మొక్కజొన్నను ఎగుమతి చేసిన దేశము 2024లో దిగుమతి చేసికొనవలసి వచ్చినది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు తమ ఊరిలో ఇథనాలు కర్మాగారము వద్దని రోడ్డు మీదికి రాగా పనులు నిలిపివేయవలసి వచ్చినది. తిండిగింజ నుండి తీయు ఇంధనమును మొదటి తరము జీవ ఇంధనమందురు. గడ్డి, కట్టె, చొప్ప, పేడ, వాడిన నూనె వంటి తినరాని వస్తువులనుండి తీయునది అధునాతన జీవ ఇంధనము. మన పడమటి మండలములలో చెరకు లేదు, వరి కొంచెమే. కనుక మనకు సంబంధించినది ఈ రెండవ వర్గమే.

ఒకసారి జరిగిన పొరపాటు

2003లో ప్రణాళికా సంఘము వారి కమిటీ ఒక నివేదిక ఇచ్చినది. అడవి ఆముదము అను జట్రోఫా మొక్కను బంజరులలో నాటి, దాని గింజల నూనెతో 2011–12 నాటికి దేశపు డీజిలులో నూటికి ఇరువది పాళ్ళు బయోడీజిలు కలుపవలెనని అందులో లక్ష్యము. మన రాష్ట్రములో వర్షచ్ఛాయా ప్రాంతముల అభివృద్ధి పేరిట ఈ మొక్కను, కానుగను నాటించు కార్యక్రమములు సాగినవి. అడవి ఆముదమును మేకలు ముట్టవు, నీరు అక్కరలేదు, రాతి నేలలో బ్రతుకును అని ప్రచారము. ఈ మూడును నిజములే. అయితే రాతి నేలలో బ్రతుకుట వేరు, రాతి నేలలో కాయుట వేరు. నీరు, ఎరువు లేనిచోట మొక్క పచ్చగా నిలిచినది కాని గింజ పిడికెడే వచ్చినది. మేకలు ముట్టని విషము పిండిలోను మిగిలినందున ఆ పిండి పశువులకు పనికిరాలేదు. కాచిన కొద్దిపాటి గింజలను కొనుటకు వచ్చినవారు లేరు. ఆ మొక్కలు నాటిన ఒక రైతును మేము మెట్ట పొలములో కలిసితిమి. అవి ఇప్పుడు ఆయన చేనుకు కంచెగా నిలిచియున్నవి. కంచెగా మంచివేనని ఆయన అన్నాడు. గడువు నాటికి దేశపు డీజిలులో కలిసిన బయోడీజిలు లెక్కకు రాదు.

అదే కాలమున కానుగ కథ కొంత భిన్నముగా నడచినది. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో దీనినే కరంజ్ అందురు. కానుగ మనకు పరాయి చెట్టు కాదు. దాని రొట్టను మడిలో త్రొక్కుట, దాని నూనెతో దీపము పెట్టుట, గజ్జికి పూయుట మన తాతల నాటివి. ఇది పప్పు జాతి చెట్టు, గాలిలోని నత్రజనిని వేళ్ళలో నిలుపును. గింజలో నూనె నూటికి ఇరువదియేడు మొదలు ముప్పదితొమ్మిది పాళ్ళు, గానుగలో ఆడించినచో పావు వంతు చేతికి వచ్చును. ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అను గోండు పల్లెలో మహిళా సంఘములు కానుగ నూనెను నమ్ముకొని 2003లో ఒక విచిత్రమైన వ్యాపారము చేసినవి. పది సంవత్సరములలో తాము తీయబోవు నూనె డీజిలునకు బదులగుట వలన తగ్గు 147 టన్నుల కార్బన్ డయాక్సైడునకు ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు పుచ్చుకొన్నవి. సొమ్ము చిన్నదే. అయినను పొగ రాకుండుట కూడ అమ్మదగిన సరుకని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల సాయముతో ఒక గిరిజన పల్లె చూపినది.

గడ్డి నుండి వాయువు

ఇక మన దివాకరపల్లి గడ్డికి వత్తము. గోబరు గ్యాసు ఎరుగని విద్యార్థి ఉండడు. గాలి చొరని తొట్టిలో పేడ పులిసినచో సూక్ష్మజీవులు దానిని విరిచి మీథేనును పుట్టించును. గడ్డితోను అదియే జరుగును. గడ్డిని సన్నగా తరిగి, నీటిలో కలిపి, ముప్పదియైదు మొదలు నలువది డిగ్రీల వెచ్చదనములో నెల దినములు ఉంచవలెను. వచ్చు వాయువులో మీథేను నూటికి అరువది పాళ్ళకు లోపు. మిగిలినది ముఖ్యముగా కార్బన్ డయాక్సైడు, కొంచెము హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన ఈ చివరిదానిదే, ఇనుమును తినివేయునదియు అదియే. వీటిని తొలగించి, మీథేనును తొంబది పాళ్ళకు మించునట్లు శుద్ధిచేసి, సిలిండరులో సుమారు 200 నుండి 250 రెట్ల వాతావరణ పీడనముతో కుక్కినచో అది బండ్లకు వాడు సి.ఎన్.జి.తో సమానము. ఎంజినునకు భేదము తెలియదు. అడుగున మిగిలిన ముద్ద మంచి ఎరువు. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఈ వాయువును కొనుటకు సతత్ అను పథకమును పెట్టినది. నగరములకు గ్యాసు సరఫరా చేయు సంస్థలు 2025–26లో నూటికి ఒక పాలు, 2028–29 నాటికి ఐదు పాళ్ళు జీవవాయువును కలుపవలెనన్న నియమము కూడ వచ్చినది. కనుక ఈ వాయువునకు, అడవి ఆముదపు గింజలవలెగాక, కొనువాడున్నాడు. ఇది చిన్న విషయము కాదు.

ఇప్పుడు బలపము చేతబట్టుదము. పచ్చి నేపియరు గడ్డిలో నూటికి ఎనుబది పాళ్ళు నీరే. టన్ను గడ్డిలో ఎండు పదార్థము 200 కిలోలు. కిలో ఎండు పదార్థమునకు సుమారు 220 లీటర్ల మీథేను అనుకొందము. టన్నుకు 44 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మీథేను బరువు ముప్పావు కిలోకు కొంచెము తక్కువ కనుక, టన్ను గడ్డికి సుమారు 30 కిలోల వాయువు. గ్యాసు బస్సు కిలోకు మూడున్నర కిలోమీటర్లు నడచునేని 30 కిలోలకు నూటయైదు కిలోమీటర్లు. అనగా టన్ను పచ్చిగడ్డి ఒక బస్సును మార్కాపురము నుండి ఒంగోలుకు ఒక్కసారి చేర్చును. తిరిగి వచ్చుటకు మరియొక టన్ను.

గడ్డిని మోసికొనివచ్చు లారీ డీజిలును లెక్కింపవలదా అని ఒక విద్యార్థి అడిగినాడు. మంచి ప్రశ్న. పది టన్నుల గడ్డి మోయు లారీ అందులో ఎనిమిది టన్నుల నీటిని మోయుచున్నది. అయినను ఆ పది టన్నులనుండి వచ్చు 300 కిలోల వాయువు సుమారు 400 లీటర్ల డీజిలుతో సమానము. పోను రాను యాబది కిలోమీటర్లకు లారీ త్రాగునది పది పదిహేను లీటర్లు. శక్తి లెక్కలో నష్టము స్వల్పమే. లారీ బాడుగ మాత్రము స్వల్పము కాదు. కనుకనే గడ్డి కర్మాగారము చుట్టునే పండవలెను. నష్టము వచ్చు చోటు వేరొకటి కలదు. మీథేను గాలిలో కలిసినచో, నూరేండ్ల లెక్కలో, బరువునకు బరువు కార్బన్ డయాక్సైడు కంటె ఇరువదియేడు రెట్లకు మించి భూమిని వేడిచేయును. గొట్టములు కారు కర్మాగారము వాతావరణమునకు మేలు చేయుటకు బదులు కీడే చేయును.

నీటి లెక్క

విద్యార్థులు అడుగని మూడవ ప్రశ్న ఇది. గడ్డికి నీరెక్కడిది?

నేపియరు వంటి గడ్డి కిలో ఎండు పదార్థము చేయుటకు 300 లీటర్ల ప్రాంతమున నీరు త్రాగును. ఎకరములో ఏడాదికి 100 టన్నుల పచ్చిగడ్డి రావలెననినచో ఎండు పదార్థము 20 టన్నులు, నీరు 60 లక్షల లీటర్లు. ఎకరము మీద అంగుళము నీరు నిలిపినచో అది లక్ష లీటర్లు. కనుక గడ్డి అరువది అంగుళముల నీరు కోరుచున్నది. మన పడమటి మండలములలో కురియు వాన ఏడాదికి 650 మిల్లీమీటర్ల ప్రాంతము, అనగా ఇరువదియారు అంగుళములు. కురిసినదంతయు చుక్క పోక వేరునకు చేరినదని అనుకొన్నను లోటు ముప్పదినాలుగు అంగుళములు, ముప్పదినాలుగు లక్షల లీటర్లు. వేసవిలో మన పల్లెలకు త్రాగునీరు తెచ్చు 5 వేల లీటర్ల ట్యాంకరుతో లెక్కింపుడు. ఎకరమునకు 680 ట్యాంకర్లు.

500 ఎకరముల తోటకు ఈ లోటు 170 కోట్ల లీటర్లు. గ్రామీణ మంచినీటి పథకములలో మనిషికి రోజుకు 55 లీటర్లు ప్రమాణము. ఆ ప్రమాణమున 170 కోట్ల లీటర్లు ఏడాది పొడవున 84 వేల మందికి చాలును. 2011 జనాభా లెక్కలలో మార్కాపురము పట్టణ జనాభా 71 వేలు.

ఈ అంకెలు పథకము తప్పని చూపుటకు వేసినవి కావు. వాన మీదనే పండించి, ఎకరమునకు పాతిక టన్నులతో తృప్తిపడినచో నీటి తగవు లేదు. కాని అప్పుడు 500 ఎకరములనుండి రోజుకు టన్ను వాయువు మాత్రమే వచ్చును. నీరు పెట్టినచో నాలుగు టన్నులు. కోట్లు పెట్టినవాడు ఏది కోరునో చెప్పనక్కరలేదు. బోరు వేసినచో మన రాతి నేలలో నీరు ఇంకను లోతునకు పోవును. కనిగిరి ప్రాంతములో లోతు నీటితో ఫ్లోరైడు వచ్చుటయు, దానివలన పండ్లు పచ్చబడి ఎముకలు వంగిన మనుష్యులను చూచుటయు మనకు క్రొత్త కాదు.

వెలిగొండ ఉన్నది గదా అని కొందరు అందురు. నల్లమల కొండను తొలిచి శ్రీశైలము జలాశయము నుండి 43.5 టి.ఎం.సి. కృష్ణా వరద నీటిని తెచ్చి, 4 లక్షల 47 వేల ఎకరములకు సాగునీరు, 15 లక్షల 25 వేల మందికి త్రాగునీరు ఇచ్చుట దాని ఉద్దేశము. 1996లో మొదటి శంకుస్థాపన జరిగినది. రెండు సొరంగములు పూర్తియైనవని ప్రకటించినది 2024 మార్చిలో. ముప్పది ఏండ్లు కాచిన నీటిలో మొదటి వంతు ఎవరిది? మా అభిప్రాయములో అది త్రాగువారిది, పిమ్మట కంది, మిరప పండించువారిది. గడ్డి తోటకు పట్టణముల వాడుక నీటిని శుద్ధిచేసి ఇచ్చుట, వాననీటి కుంటలు త్రవ్వుట, బిందు సేద్యము పెట్టుట అను మార్గములు కలవు. వీటిని ఒడంబడిక కాగితములోనే వ్రాయించుకొనవలెను, పిమ్మట అడిగినచో వినువారుండరు.

భూమి విషయము కూడ ఒక మాట. ప్రభుత్వ భూమికి ఎకరమునకు ఏడాదికి 15 వేలు, రైతు భూమికి సుమారు 30 వేల రూపాయల కౌలు ముట్టునని ప్రకటించినారు. కందికి 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 8 వేలు. మెట్టలో ఎకరమునకు నాలుగు క్వింటాళ్ళు పండినచో 32 వేలు, అందులో విత్తనము, మందు, కూలి పోవును, వాన తప్పినచో మొత్తము పోవును. ఈ లెక్కన భూమిగల రైతునకు గడ్డి కౌలు నిశ్చయముగా లాభమే. అయితే మన వైపు చేను దున్నువారిలో చాలామంది కౌలుదారులు. కౌలు సొమ్ము పట్టాదారునకు పోవును, కౌలుదారు హైదరాబాదు బస్సు ఎక్కును. ప్రభుత్వ బంజరు సంగతియు అట్టిదే. రికార్డులో బంజరు అని వ్రాయబడిన నేలలో గొర్రెలు, మేకలు మేయుచున్నవి. మేపువాని పేరు ఏ అడంగలులోను లేదు. కౌలు చెల్లించునప్పుడు అతనికి వాటా ఎట్లు ఇత్తురో మాకు ఇంతవరకు ఎవరును చెప్పలేదు.

నీరడుగని చెట్లు

మన నేలలో నీరడుగక, ఎవరును నాటక, పెరుగుచున్న ఇంధనము ఒకటి కలదు. అది చిల్లకంప, సర్కారు తుమ్మ. దాని చరిత్ర మన ప్రక్క జిల్లాలోనే మొదలైనది. 1877లో జమైకా ద్వీపము నుండి విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురములో నాటినారు. దేశమున దాని మొదటి నాటు అదియే. నాడు కట్టెల కరవు తీర్చుటకు తెచ్చిన చెట్టు నేడు చెరువులను, చేలగట్లను, కాలువలను ఆక్రమించినది. కొట్టిన కొలది చిగురించును. పేదవారు దానిని కొట్టి, మట్టి కప్పి కాల్చి, బొగ్గు చేసి అమ్ముచున్నారు. మూడు నాలుగు టన్నుల కట్టెకు టన్ను బొగ్గు. కట్టెలోని శక్తిలో సగము పొగగా పోవును, ఆ పొగ కాల్చువాని ఊపిరితిత్తులలోనికి పోవును. ఇదే కట్టెను వాయువుగా మార్చి, ఆ వాయువు నుండి మిథనాలు గాని డీజిలు గాని చేయుట రసాయనశాస్త్రమునకు తెలిసిన పనియే. యుద్ధకాలపు బొగ్గు బస్సునకు ఇది చదువుకొన్న మనుమడు. కాని కర్మాగారము చిన్నదైనచో గిట్టదు, పెద్దదైనచో మన పెట్టుబడికి అందదు. ప్రస్తుతము పట్టణములోని బట్టీలకు, బాయిలర్లకు ఈ కట్టెను దిమ్మలుగా నొక్కి ఇచ్చుట మేలని మాకు తోచుచున్నది. బస్సు మాట తరువాత.

కంది కట్టె, ప్రత్తి కట్టెలును అట్టివే. ఇవి మొద్దు పదార్థములు, గోబరు తొట్టిలో సులభముగా పులియవు. 2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ సంస్థ వారి కర్మాగారము జాతికి అంకితమైనది. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుండి 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయుట దాని లక్ష్యము, అనగా టన్నుకు 150 లీటర్లు. దాని ఖర్చు 900 కోట్లకు పైబడినది. మన ఊళ్ళలో కంది కట్టె ఇంకను పొయ్యిలోనికి, దడికి పోవుచున్నది. ఊరకే కాల్చివేయు ప్రత్తి కట్టెకు మాత్రము ఎవరైనను వెల కట్టినచో రైతు సంతోషించును.

చివరకు కానుగనే మరల లెక్కింతము. నూరు కిలోమీటర్ల రోడ్డు, రెండు ప్రక్కల పది మీటర్లకొక చెట్టు, మొత్తము 20 వేల చెట్లు. పదేండ్లు దాటిన చెట్టుకు తక్కువలో తక్కువ పది కిలోల గింజలు అనుకొన్నచో 200 టన్నులు, నూనె 50 టన్నులు, లీటర్లలో 54 వేలు. బస్సు లీటరునకు ఐదు కిలోమీటర్లు నడచినచో రెండు లక్షల డెబ్బది వేల కిలోమీటర్లు. రోజూ మార్కాపురము నుండి ఒంగోలు పోయివచ్చు బస్సులు మూడింటికి ఏడాది పొడవున చాలును, కొంచెము మిగులును. మూడు బస్సులేనా అని నవ్వవచ్చును. కాని ఆ మూడింటికి ఎకరము భూమి పోలేదు, మొక్క నాటుకొన్న మొదటి రెండు మూడు వేసవులు దాటిన పిమ్మట బిందెడు నీరు పోలేదు, గింజ ఏరిన ఆడవారికి వేసవిలో కూలి దొరకినది, పిండి బత్తాయి తోటకు ఎరువైనది, నీడ ఊరకే వచ్చినది. రోడ్లు వెడల్పు చేయునప్పుడు కొట్టివేసిన చెట్లకు బదులు ఏ మొక్క నాటవలెనను నిర్ణయము ఇంజనీర్ల చేతిలోనిది. పూలకొరకు గన్నేరు నాటుటకంటె కానుగ నాటుమని అడుగుటకు ఖర్చు లేదు.

నూనెను బయోడీజిలుగా మార్చు విధము మన ప్రయోగశాలలో చేయదగినదే. వాడిన వంటనూనెతో మొదలిడుట సులభము. మిరపకాయ బజ్జీల బండ్లవద్ద, రంజాను మాసములో సమోసా అంగళ్ళవద్ద నల్లబడిన నూనె కావలసినంత దొరకును. నూనెలో ధ్రువ పదార్థములు నూటికి ఇరువదియైదు దాటినచో వంటకు వాడరాదని 2018 జూలై నుండి నియమము. ఆహార భద్రతా సంస్థ వారు అదే ఏడాది వాడిన నూనెను బయోడీజిలునకు మళ్ళించు కార్యక్రమము కూడ మొదలుపెట్టినారు. ఆ నూనెను మరల మరల కాచి మనము తినుటకంటె బండి త్రాగుట మేలు.

నూనెను గుడ్డలో వడగట్టి, తేమ పోవునట్లు కాచి చల్లార్చవలెను. 100 మిల్లీలీటర్ల నూనెకు 22 మిల్లీలీటర్ల మిథనాలులో అర గ్రాము కాస్టిక్ సోడా కరగించి కలిపి, యాబదియైదు డిగ్రీల వెచ్చదనములో గంటసేపు త్రిప్పవలెను. నూనె అణువు మూడు కాళ్ళ పీట వంటిది. మిథనాలు ఆ మూడు కాళ్ళను విడదీసి తన వెంట తీసికొనిపోవును, పీట చెక్క గ్లిజరినుగా మిగులును. రాత్రంతయు కదలక ఉంచినచో గ్లిజరిను అడుగున చిక్కగా దిగును, పైన తేనెరంగు ద్రవము తేలును. అదియే బయోడీజిలు. దానిని గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టవలెను. నూనెలో పులుపు ఎక్కువైనచో అంతయు సబ్బుగా మారును. మేము మొదటిసారి చేసినప్పుడు వచ్చినది సబ్బే. కానుగ నూనెకు ఆ పులుపు సహజముగా ఎక్కువ కనుక ముందుగా ఆమ్లముతో ఒక విడత శుద్ధిచేయవలెను. మిథనాలు త్రాగినచో చూపు పోవును, ప్రాణమును పోవును. దాని సీసా అధ్యాపకుని తాళములోనే ఉండవలెను.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. కానుగ కాయ మాఘ మాసము దాటిన పిమ్మట రాలును. ఆ దినములలో ఒక ఆదివారము మార్కాపురము నుండి తర్లుపాడు వరకు రోడ్డు ప్రక్కనున్న కానుగ చెట్లను లెక్కించి, ఒక్కొక్క చెట్టు క్రింది కాయను తూచి వ్రాసికొనుటకు మా విద్యార్థులు నలువది మంది సిద్ధముగా నున్నారు. పైని లెక్కలో చెట్టుకు పది కిలోలని మేము అనుకొన్న అంకె మన నేలలో నిలుచునో లేదో ఆ తూకముతో తేలును. రెండు స్ప్రింగు త్రాసులు, నలువది గోనె సంచులు కావలెను.